పిట్ట కొంచెం, లెన్సు ఘనం

ఆదివారం పొద్దు పొడవకముందే ఏ చెరువుగట్టుకి వెళ్లినా ఈ రోజుల్లో ఇద్దరు ముగ్గురు తప్పకుండా కనిపిస్తారు. ఒంటిమీద ఆకుపచ్చ చొక్కా, నెత్తిన టోపీ, భుజాన ఫిరంగి గొట్టంలాంటి లెన్సు. దూరాన్నుంచి చూసిన రైతు వేటగాళ్లొచ్చారనే అనుకుంటాడు. వేటే మరి! కాకపోతే ఈ వేటలో పిట్ట తన దారిన తాను ఎగిరిపోతుంది, దాని బొమ్మ మాత్రం మన ఇంటికి వస్తుంది. ఇంతకంటె ముచ్చటైన వేట నాకు తెలియదు.

అయితే ముచ్చట వేరు, ఖర్చు వేరు. ఫోనుతో పిల్లల ఫొటోలు తీసుకుంటున్నంత కాలం ఎవరికీ ఏ బాధా లేదు. పెరట్లో జామకొమ్మ మీద వాలిన లకుముకి పిట్టని తియ్యబోయి, తీరా చూస్తే అది ఫొటోలో ఆవగింజంత కనిపించిన రోజున మొదలవుతుంది అసలు కథ. ముందు కెమెరా, తరువాత లెన్సు, ఆ తరువాత ఇంతకంటె పొడుగు లెన్సు. చివరికి ఇంట్లో అది స్కూటరు ఖరీదుని దాటిపోతుంది. పిట్ట కొంచెం, కూత ఘనం అన్నారు పెద్దలు. పిట్ట కొంచెం, లెన్సు ఘనం అనవలసిన రోజులొచ్చాయి.

చాలా ఏళ్లుగా పిట్టల వెంట తిరుగుతున్నవాణ్ణి కనుక, "ఎంత పొడుగు లెన్సు కొనమంటారు?" అని నన్ను అడిగేవాళ్లు తరచు ఎదురవుతుంటారు. వాళ్లందరినీ నేను ఒకటే ప్రశ్న తిరిగి అడుగుతాను: "మీరెక్కడ నిలబడతారు?" ఈ ప్రశ్నకి జవాబు దొరికితే లెన్సు దానంతట అదే దొరుకుతుంది.

దూరాన్ని దగ్గర చేసే గొట్టం

లెన్సు మీద మిల్లీమీటర్లలో ఒక అంకె ఉంటుంది. పాత ఫిల్ము కెమెరాలకి సాధారణంగా వచ్చే లెన్సు 50 మిల్లీమీటర్లది. దాంతో చూస్తే లోకం రమారమి మన కంటికి కనిపించినట్టే ఉంటుంది. ఆ అంకె 300 అయితే అదే దృశ్యం ఆరు రెట్లు, 600 అయితే పన్నెండు రెట్లు దగ్గరికి వచ్చినట్టు కనిపిస్తుంది. మామూలు పద్ధతిలో కడితే 600 మిల్లీమీటర్ల లెన్సు గొట్టం కూడా ఇంచుమించు అంత పొడుగూ ఉండాలి. ముందు వెలుతురుని కూడగట్టే అద్దాలూ, వెనక దాన్ని కొంచెం విప్పే అద్దాలూ అమర్చి, గొట్టాన్ని పొట్టిగా చేసే ఉపాయమే టెలిఫొటో. ఇంగ్లండులో డాల్‌మెయరూ, జర్మనీలో మరి ఇద్దరూ, ఎవరికి వారుగా 1891లో ఈ ఉపాయం కనిపెట్టారు.

కనిపెట్టినంత మాత్రాన అది వెంటనే పిట్టలవాళ్ల చేతికి అందలేదు. ఇంగ్లండులో రిచర్డ్ కేర్టన్, చెర్రీ కేర్టన్ అని ఇద్దరు అన్నదమ్ములుండేవారు. గుడ్లతో ఉన్న పక్షిగూటిని 1892లోనే ఫొటో తీసిన ఘనులు. పిట్ట బెదరకుండా దగ్గరికి చేరడం ఎలాగని ఆలోచించి, ఆలోచించి, చివరికి ఒక ఎద్దు చర్మాన్ని కర్రచట్రం మీద బిగించి, ఆ బోలు ఎద్దు కడుపులో దూరి, మేతకొచ్చిన ఎద్దులాగా పొలంలో నిలబడి ఫొటోలు తీశారు. నవ్వొస్తుంది గాని, వాళ్లకి అంతకంటె గత్యంతరం లేదు. ఎరిక్ హాస్కింగ్ అనే మరో ప్రసిద్ధుడు 1937లో వేల్స్‌లో గుడ్లగూబ గూటి దగ్గర ఫొటోల కోసం వెళితే, చీకట్లో అది గోళ్లతో ముఖం మీద కొట్టింది. ఆయన ఎడమ కన్ను పోయింది. ఆ తరువాత కూడా ఆయన ఒంటికంటితోనే జీవితమంతా పక్షుల ఫొటోలు తీశాడు. ఏ గూబైనా తన పిల్లల కోసం అంతపనీ చేస్తుంది. దాన్ని తప్పుపట్టడానికి లేదు.

అంటే, ఆ తరంవాళ్లు పిట్టకి దగ్గరగా పోక తప్పని పరిస్థితి. మనకి ఆ అవసరం లేదు. పొడుగు లెన్సు మనకిచ్చిన వరం అదే. అది పిట్టని దగ్గరికి తెస్తుందని అందరూ అంటారు. మనిషిని దూరంగా ఉంచుతుందని నేనంటాను.

ఒక చెరువు దగ్గర చూసింది

మా అక్కయ్యగారిది గుంటూరు. ఆమె కూతురు, అంటే నా మేనకోడలు, డిగ్రీ చదువుతూ, సాయంత్రాలు పిల్లలకి ట్యూషన్లు చెప్పి, ఆ డబ్బుతో చిన్న కెమెరా కొనుక్కుంది. పిట్టలంటే దానికి ప్రాణం. ఒకసారి దాన్ని వెంటబెట్టుకుని ఒక ఊరి చెరువుకి వెళ్లాను. చెరువు పేరు చెప్పను. నీళ్లలో మొలిచిన తుమ్మచెట్ల నిండా ఎర్రకాళ్ల కొంగల గూళ్లు. మేము గట్టుమీదే ఉన్నాం. అంతలో నలుగురు కుర్రాళ్లు వచ్చారు. వాళ్ల లెన్సులు పొట్టివి. అందుకని మొలలోతు నీళ్లలోకి దిగి చెట్ల కిందికి పోయారు.

కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆకాశం తెల్లబడిపోయింది. కుర్రాళ్లు సంబరంగా ఫొటోలు తీసుకుంటున్నారు. రెండు నిమిషాలు గడవలేదు, ఎక్కడినుంచి వచ్చాయో కాకులు వచ్చేశాయి. కాపలా లేని గూళ్లమీద వాలి, గుడ్లు పొడిచి ఎత్తుకుపోయాయి. మిగిలిన గూళ్లలో ఈకలు కూడా రాని పిల్లలు ఎండలో నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. తల్లి రెక్కల నీడే వాటికి గొడుగు.

మా అమ్మాయి కెమెరా కిందికి దించేసింది. కాసేపాగి, "మామయ్యా, ఎంత దూరాన్నుంచి తీస్తే వాటికి భయం వెయ్యదు?" అంది. లెన్సు కొనబోయేవాళ్లు అడగవలసిన ప్రశ్నల్లో ఇంతకంటె మంచిది నేను వినలేదు. పిట్ట మేత మాని తల ఎత్తి మనవైపు చూసిందా, అక్కడే ఆగిపోవాలి. ఆ ఆగినచోటినుంచి పిట్ట దాకా ఎంత దూరమో, ఆ దూరానికి సరిపోయే లెన్సే మన లెన్సు.

వేలిమీద లెక్క

ఈ లెక్క అయిదో తరగతి పిల్లవాడు కూడా చెయ్యగలడు. పిట్ట ఎన్ని మీటర్ల దూరంలో ఉందో అంచనా కట్టండి. దాన్ని 24తో హెచ్చవేసి, లెన్సు మీది అంకెతో భాగించండి. వచ్చింది మీ ఫొటోలో అడ్డంగా ఎన్ని మీటర్ల మేర పడుతుందో చెబుతుంది. ఈ 24 ఏమిటంటారా? ఫిల్ముకి బదులు ఇప్పటి కెమెరాల్లో ఉండే సెన్సరు అనే పలక వెడల్పు. మధ్యతరగతివాళ్లం కొనే ఏపీఎస్-సీ రకం కెమెరాల్లో అది కంపెనీని బట్టి 22 నుంచి 24 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఖరీదైన ఫుల్‌ఫ్రేము కెమెరా అయితే 24కి బదులు 36 వేసుకోవాలి.

గుంటూరు పక్కనే ఉన్న ఉప్పలపాడునే తీసుకుందాం. ఊరి చెరువులో గూడబాతులూ, ఎర్రకాళ్ల కొంగలూ ఇంటి కోళ్లలాగా కాపరం చేస్తుంటాయి. గట్టుమీంచి గూడబాతు 25 మీటర్ల దూరంలో ఉందనుకోండి. 300 లెన్సుతో అడ్డంగా 2 మీటర్లు పడుతుంది. గూడబాతు మీటరున్నర దాకా పొడుగుండే పక్షి. హాయిగా పట్టింది. అక్కడ 600 లెన్సు పెడితే పట్టేది ఒక్క మీటరే. లక్షలు పోసి ముక్కు ఒకటి, తోక ఒకటి విడివిడిగా తీసుకోవాలన్నమాట! శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో అయితే పక్షులు ఊరి చెట్లమీదే గూళ్లు పెడతాయి. అవి వస్తే ఊరికి శుభమని జనం నమ్మకం. మనిషి అలికిడికి అలవాటుపడిన అలాంటి పక్షులకి మరీ పొడుగు లెన్సు అవసరం ఉండదు.

ఇప్పుడు లకుముకి పిట్ట. జానెడు దాటి ఉంటుందంతే, 28 సెంటీమీటర్లు. 15 మీటర్ల దూరంలో కరెంటు తీగమీద కూర్చుంటే 300 లెన్సు 1.2 మీటర్ల మేర పడుతుంది, 600 అయితే 60 సెంటీమీటర్లే. మొదటి ఫొటోలో పిట్ట పావు వంతు, రెండోదాంట్లో దాదాపు సగం. ఇక్కడ 600 తన ఖరీదుని నిలబెట్టుకుంది. అదే తేనెపిట్ట అయితే కేవలం 10 సెంటీమీటర్లు. మందారమొక్క పక్కన అయిదు మీటర్ల దూరంలో కదలకుండా కూర్చుంటే, 300 లెన్సుతోనే అది ఫొటోలో పావు వంతు వస్తుంది. 15 మీటర్ల దూరాన్నుంచి 600తో తీసినా అంత రాదు. మనం దానిమీదికి పోవడం వేరు, మనం కూర్చున్నచోటికి అది తనంతట తానుగా రావడం వేరు. రెండోదానికి ఓపిక చాలు, డబ్బక్కరలేదు.

పులికాట్ సంగతి మరొకటి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డుమీద నిలబడితే, రాజహంసలు రెండు వందల మీటర్ల అవతల బారులు తీరి మేస్తుంటాయి. 600 లెన్సుతో కూడా అక్కడ 8 మీటర్ల మేర పడుతుంది. ఒంటరి పక్షి ముఖచిత్రం కావాలనుకుంటే నిరాశే. పైగా పొద్దెక్కేసరికి నీటిమీద, ఉప్పు నేలమీద గాలి వేడెక్కి ఆవిరిలా ఆడుతుంది. ఎంత గొప్ప లెన్సైనా ఆ గాలిలోంచే చూడాలి కదా! ఫొటో అలుక్కుపోతుంది. అక్కడికి తెల్లవారకముందే చేరాలి, ఒంటరి పక్షిని వదిలి గుంపుని తియ్యాలి.

పెద్దనోరు, పెద్దధర

ఒకే పొడుగున్న రెండు లెన్సుల్లో ఒకటి లక్షన్నరకీ, రెండోది పది లక్షల పైమాటకీ ఎందుకు అమ్ముతారని చాలామందికి సందేహం. తేడా అంతా నోటి వెడల్పులో ఉంది. లెన్సు పొడుగుని దాని నోటి వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకెని ఎఫ్ నంబరు అంటారు. 600 లెన్సు ఎఫ్ 4 కావాలంటే నోరు 150 మిల్లీమీటర్లుండాలి. అదే ఎఫ్ 6.3 అయితే 95 చాలు. అంత పెద్ద అద్దాన్ని దోషం లేకుండా తయారుచెయ్యడానికే ఆ ధర. దాని బరువు కూడా మూడు కిలోల పైచిలుకు.

ఎఫ్ అంకెలు 4, 5.6, 8 అని పెరుగుతుంటే మెట్టుమెట్టుకీ వెలుతురు సగమవుతుంది. కూర్చున్న పిట్టకి సెకనులో 500వ వంతు, ఎగిరే పిట్టకి 2000వ వంతు కాలంలో ఫొటో పడాలి. వెలుతురు చాలకపోతే రెక్క అలుక్కుపోతుంది. 64, 100 వేగం ఫిల్ముతో పనిచేసిన తరంవాళ్లకి పెద్దనోరు లెన్సు తప్పనిసరి. ఇప్పటి సెన్సర్లు 3200 దగ్గర కూడా చక్కటి ఫొటోలు ఇస్తున్నాయి. మిగిలిన నలుసుల్ని కంప్యూటరు తుడిచిపెడుతుంది. అందుకని 150-600, 200-600, 180-600 అని రకరకాల కంపెనీలు అమ్ముతున్న రెండు కిలోల జూమ్ లెన్సులు ఈనాడు మధ్యతరగతి పిట్టలవాళ్ల పాలిటి కల్పవృక్షాలయ్యాయి. చిన్న అంకె దగ్గర పెట్టి పిట్టని వెతుక్కుని, తరువాత పెద్ద అంకెకి లాక్కోవచ్చు. కొత్తవాళ్లకి ఇది ఎంతో సుఖం.

దుకాణంలో వినిపించే రెండు మూడు మాటల్ని గురించి హెచ్చరిక. చేతి వణుకుని సరిదిద్దే యంత్రం ఉందంటారు. మంచిదే. అది మన చేతి వణుకుని ఆపుతుంది గాని పిట్ట రెక్కని ఆపలేదు. వెనక ఇంకో అద్దం తగిలిస్తే 600 కాస్తా 1200 అవుతుందంటారు. అవుతుంది, దాంతో వెలుతురు రెండు మెట్లు తగ్గి 6.3 కాస్తా 13 అవుతుంది. ఇక "3000 మిల్లీమీటర్ల జూమ్" అనే అంకె. 2018లో వచ్చిన నికాన్ పీ1000 అనే కెమెరాకి ఆ అంకె ప్రసిద్ధి. దాని లెన్సు అసలు పొడుగు 539 మిల్లీమీటర్లే. సెన్సరు చిటికెనవేలి గోరంత కనుక, ఫుల్‌ఫ్రేముతో పోల్చి చెబితే అంత అవుతుంది. ఫలానా పిట్ట ఇదీ అని గుర్తుపట్టడానికి అది భేషైన సాధనం. గోడకి తగిలించే పటం కావాలంటే మాత్రం చిన్న సెన్సరు తన చిన్నతనం చూపిస్తుంది.

అద్దెకి రెండు రోజులు

మా అమ్మాయి లెన్సు కొంటానన్న రోజున మా బావగారు ఇల్లు పీకి పందిరి వేశారు. "ఏమోయ్, లక్షన్నర పోసి గొట్టం కొని కొంగల్ని తీస్తుందట నీ మేనకోడలు! ఆ డబ్బుతో బంగారం కొంటే రేపు దాని పెళ్లికి అక్కరకొస్తుందా, రాదా?"

"దాని కష్టార్జితం, దాని ఇష్టం," అంది మా అక్కయ్య వంటింట్లోంచి.

ఇద్దరి మాటా కాదనకుండా నేనొక ఉపాయం చెప్పాను. పెద్ద ఊళ్లలో లెన్సులు రోజు అద్దెకి ఇచ్చే దుకాణాలున్నాయి. రెండు రోజులకి 150-600 అద్దెకి తెచ్చుకుంది. మొదటిరోజు ఉప్పలపాడు, రెండోరోజు మా అక్కయ్యవాళ్ల అత్తవారి ఊరి చెరువు. ప్రతి ఫొటోలోనూ అది ఏ పొడుగు దగ్గర తీసిందో కెమెరా దానంతట అదే రాసిపెట్టుకుంటుంది. రాత్రి కూర్చుని నచ్చిన ఫొటోలన్నిటికీ ఆ అంకెలు చూసి కాగితం మీద గీతలు పెట్టాం. ఉప్పలపాడులో సగానికి పైగా 250కీ 400కీ మధ్యే. ఊరి చెరువు దగ్గర లకుముకీ, బుడుబుంగా అన్నీ 600 దగ్గరే. మరో లెక్క కాగితం మీదికి రాలేదు. రెండోరోజు సాయంత్రానికి దాని కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవలేదు. బస్సులో పోయి, బస్సులో వచ్చే పిల్ల. నడిచేది దాదాపు ప్రతి వారమూను.

చివరికి అది కొన్నది 100-400 రకంలో తేలికది, ముప్పాతిక కిలో కూడా లేదు. ఎఫ్ అంకె పొడుగు చివర 8. తెల్లవారుజామున కొంచెం ఇబ్బందే, ఎండ కాస్త వచ్చిందాకా ఆగాలి. మీటరు లోపు దూరానికి కూడా ఫోకసు కుదురుతుంది కనుక సీతాకోకచిలుకల్ని కూడా తీస్తోంది. మూడు కిలోల మహాలెన్సులకి నాలుగు మీటర్ల లోపు వస్తువు మీద ఫోకసే కుదరదు. "600 కావలసినచోట ఇంకో అరగంట కూర్చుంటాను మామయ్యా," అంది. మిగిలిన డబ్బులో కొంత పెట్టి 8×42 దుర్భిణీ కొన్నది. అది ప్రస్తుతం మా బావగారి మెడలో ఉంటోంది. డాబామీద కూర్చుని పికిలిపిట్టల్ని లెక్కపెడుతున్నారు.

కారులో తిరిగేవాళ్లకీ, ఒకేచోట కూర్చుని తీసేవాళ్లకీ నేను ఈ సలహా చెప్పను. వాళ్లకి రెండు కిలోల జూమే తగినది. బరువుకి భయపడనక్కరలేదు. పాత లాగుగుడ్డతో సంచీ కుట్టించి, మినుములో శనగలో ముప్పాతికదాకా నింపి, కారు కిటికీమీద పెట్టి దానిమీద లెన్సు ఆనిస్తే మూడుకాళ్ల స్టాండు ఎందుకూ పనికిరాదు. పాత లెన్సు కొనేవాళ్లు మాత్రం చీకటిగదిలో టార్చిలైటు వేసి లోపలి అద్దాలు పరీక్షగా చూడాలి. మన కోస్తా చెమ్మకి అద్దాలమీద సాలెగూడులాగా బూజు పడుతుంది. ఒకసారి పట్టిన బూజు పక్క లెన్సుని కూడా వదలదు. ఇంట్లో లెన్సుని తోలు సంచీలో దాచకుండా, చెమ్మ పీల్చే సిలికా గుళికలు వేసిన బిగుతు డబ్బాలో ఉంచడం మేలు.

దసరానాటి పిట్ట

దసరా పండగనాడు పాలపిట్టని చూడాలని మనవాళ్ల ఆచారం. తెలంగాణకి అది రాష్ట్రపక్షి కూడాను. ఆ ఆచారాన్ని ఆసరా చేసుకుని కొందరు దాన్ని పట్టి పంజరంలో కుక్కి, వీధివీధికీ తిప్పి డబ్బులడుగుతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. రెక్కలు విరిగి, తిండిలేక, పండగ మర్నాటికి ఆ పిట్ట ఉంటుందో ఉండదో. శుభం కోసం చూసే పిట్టకి మనవల్ల అశుభం జరగడం న్యాయమా?

పొలాల మధ్య రోడ్డు పక్కన, కరెంటు తీగలమీద పాలపిట్టలు నేటికీ కనిపిస్తాయి. కూర్చున్నప్పుడు మట్టిరంగు. ఎగిరిందా, రెక్కల్లో దాచుకున్న నీలమంతా ఒక్కసారి విప్పి చూపిస్తుంది. పంజరంలో ఆ నీలం కనిపించదు. ఇరవై మీటర్ల దూరంలో ఆగితే 400 లెన్సుతో 1.2 మీటర్ల మేర పడుతుంది. పాలపిట్ట విప్పిన రెక్కలు ముప్పాతిక మీటరు లోపే. సరిగ్గా సరిపోయింది. ఆ నీలాన్ని ఇంటికి తెచ్చి గోడకి తగిలించుకుంటే ఏడాది పొడుగునా దసరాయే. పిట్ట మాత్రం తీగమీదే ఉంటుంది.